మన బసవన్న ఎవరింటికి వెళ్ళాడు?

సినిమా అవార్డుల సంగతి మనకెందుకులే అని ఈ పేజీ తిప్పేయకండి. నంది అవార్డు అంటే ఏముంది, హైదరాబాదులో పెద్ద స్టేజీ, పట్టుచీరలు, పూలగుత్తులు, ముఖ్యమంత్రిగారి చేతుల మీదుగా ఒక మెరిసే బొమ్మ... ఇంతేగా టీవీలో మనకు కనబడేది. కానీ ఆ బొమ్మను ఎప్పుడైనా నిదానంగా చూశారా? మెడలో గంటల పట్టెడ వేసుకుని, కాళ్ళు ముడుచుకుని, తల పైకెత్తి కూర్చున్న బసవన్న. ఆయన పరాయివాడు కాడు. అచ్చంగా మన సీమవాడు.

హిందూపురం దగ్గర లేపాక్షిలో ఒకే రాతిలో చెక్కిన బసవన్న ఉన్నాడు చూడండి, 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. విజయనగర రాజుల కాలంలో, పదహారో శతాబ్దంలో వీరభద్రస్వామి గుడి కట్టినప్పటివాడు. గుడికి కాస్త ఎడంగా, ఊరి దారిలో కూర్చుని లోపలి నాగలింగం వైపు చూస్తూ ఉంటాడు. ఆయన రూపాన్నే తెలుగు సినిమా అవార్డుకు పెట్టుకున్నారు. అప్పట్లో అది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. ఏ జిల్లా అయినా సీమే కదా.

అసలు మనకు బసవన్నలకు కొదవా! నంద్యాల చుట్టూ తొమ్మిది నందులు. కార్తీకంలో పొద్దున్నే తలస్నానం చేసి, పులిహోర కట్టుకుని, ఒక్కరోజులో నవనందులూ చూసి చీకటి పడేలోగా ఇల్లు చేరే ఆడవాళ్ళు మీలో ఎందరో ఉంటారు. యాగంటి బసవన్న పెరుగుతూనే ఉంటాడని మన నమ్మకం. ఆళ్ళగడ్డ శిల్పులు ఇప్పటికీ రాతి నందుల్ని చెక్కి ఎక్కడెక్కడికో పంపుతూనే ఉన్నారు. అందుకే నంది అవార్డు అనే మాట వింటే నాకు సినిమా కంటే ముందు బసవన్నే గుర్తొస్తాడు. మనింటి ఎద్దు ఎవరి పొలానికి పోయిందో అడగడం తప్పు కాదు కదా! అందుకే ఆ పాత జాబితాలు దగ్గర పెట్టుకుని, ఇల్లాలి కళ్ళతో ఒకసారి చూశాను. ఎవరి కథలకు బంగారం వచ్చింది? ఎటువంటి ఆడదానికి బహుమతి ఇచ్చారు? అందులో మన సీమ ఆడది ఎక్కడుంది?

మొదటి బంగారు నంది

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో ఈ అవార్డులు మొదలుపెట్టింది. మంచి సినిమాలకు బంగారు నంది, వెండి నంది, కంచు నంది. మొట్టమొదటి బంగారు నంది 'డాక్టర్ చక్రవర్తి' సినిమాకు వచ్చింది. అన్నపూర్ణా వారి సినిమా, ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వం, అక్కినేని, సావిత్రి, జగ్గయ్య, కృష్ణకుమారి... ఇదంతా పెద్దవాళ్ళకు కంఠతా వచ్చిన సంగతే. మరి కథ ఎవరిదో గుర్తుందా? కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' నవల.

అంటే మొదటి బంగారు నంది మనలాంటి ఆడవాళ్ళు చదివే నవలలు రాసిన ఒక ఆడమనిషి కథకు వచ్చిందన్నమాట. నాకైతే ఈ ఒక్క సంగతి తెలిసినందుకే ఈ పని పెట్టుకున్నందుకు సంతోషమేసింది. మా అమ్మ తరం వాళ్ళు మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక, రోజుకింత అని అద్దె కట్టి తెచ్చుకున్న నవలని రేపటిలోగా ఇచ్చేయాలని ఆదరాబాదరాగా చదివేవారు. "ఆ పనికిమాలిన పుస్తకాలు" అని ఇంట్లో మగవాళ్ళు విసుక్కునేవారు. ఆ పనికిమాలిన పుస్తకాలే సినిమావాళ్ళకు అన్నం పెట్టాయి మరి. 1971లో వచ్చిన 'ప్రేమనగర్' కూడా కౌసల్యాదేవిగారి నవలే. 1973లో వచ్చిన 'మీనా' యద్దనపూడి సులోచనారాణిగారిది. దాన్ని తీసినదీ ఆడమనిషే, విజయనిర్మల. ఆమె నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం చేసి 2002లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 2008 సంవత్సరానికి ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చి గౌరవించింది.

ఇక సావిత్రి సంగతి. మొదటి బంగారు నంది సినిమాలో ఆమె ఉంది. కానీ ఉత్తమ నటి అనే నంది ఆమె మంచి రోజుల్లో లేనే లేదు! మొదట్లో బహుమతులు ముఖ్యంగా సినిమాలకే గానీ నటీనటులకు కాదు. నటీనటులకు ఇవ్వడం 1977 సినిమాలతో మొదలైంది. మొదటి ఉత్తమ నటుడు కృష్ణంరాజు, 'అమరదీపం'కు. మొదటి ఉత్తమ నటి జయసుధ, 'ఆమె కథ'కు. అప్పటికి సావిత్రి చిన్నచిన్న వేషాలకు వచ్చేసింది. 1981లో పోయింది. వంట బాగా కుదిరిన రోజు ఇంట్లో అందరూ ఎక్కడికో పోయి, మాడిన రోజే వచ్చి పీటల మీద కూర్చున్నట్టుంది కదూ!

బహుమతి ఎలా ఇస్తారు?

దీని గురించి చాలామందికి ఒక అనుమానం. ఎవరో పెద్దలు ఏడాదంతా వచ్చిన సినిమాలన్నీ చూసి ఇస్తారని అనుకుంటారు. అట్లా కాదు. ఆ సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు లోపల సెన్సారైన సినిమాలకు ప్రభుత్వం దరఖాస్తులు పిలుస్తుంది. నిర్మాత దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకున్నవాటిని జ్యూరీ కూర్చుని చూస్తుంది. వాళ్ళు పేర్లు రాసిస్తే ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఉగాదికి ఇవ్వడం ఆనవాయితీగా ఉండేది. కాబట్టి దరఖాస్తు పెట్టని సినిమా ఎంత మంచిదైనా లెక్కలోకి రాదు. రేషన్ కార్డుకి ఐనా, నందికి ఐనా ఫారం నింపాల్సిందే!

రానురాను విభాగాలు బాగా పెరిగాయి. కథకు, మాటలకు, పాటకు, కెమెరాకు, కూర్పుకు, దుస్తులకు, మేకప్పుకు కూడా నందులు వచ్చాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగిన సినిమాకు అక్కినేని పేరుమీద ఒక అవార్డు పెట్టారు. నన్నడిగితే అన్నిటికన్నా అదే కష్టమైన బహుమతి. అత్తగారి పక్కన, ఎదిగిన పిల్లల మధ్య కూర్చుని రిమోటు వెతుక్కునే పని లేకుండా రెండున్నర గంటలు చూడగలిగిన సినిమా తీయడం మాటలా?

నాకు బాగా నచ్చిన విభాగం మాత్రం డబ్బింగు. తెరమీద కనబడే అమ్మాయి బొంబాయిదో, బెంగుళూరుదో అయి ఉంటుంది. ఆమె పెదాలు కదులుతాయి. మనల్ని ఏడిపించే గొంతు మాత్రం చీకటి గదిలో మైకు ముందు నిలబడిన ఇంకొక ఆడదానిది. 'మరోచరిత్ర' సరిత తెలుసుగా, ఆమె తానే పేరున్న నటి అయి ఉండి కూడా విజయశాంతికీ మరెందరికో గొంతు ఇచ్చింది. గాయని సునీతకు పాటకూ నందులు వచ్చాయి, డబ్బింగుకూ వచ్చాయి. కనబడని చాకిరీకి కూడా విలువ కట్టి, పేరు పెట్టి పిలిచి బహుమతి ఇచ్చారంటే మనలాంటివాళ్ళకు అదొక తృప్తి. మనం చేసేదీ చాలామటుకు డబ్బింగే కదా. మాట మనది, పేరు ఇంటాయనది!

ఎటువంటి ఆడదానికి ఇచ్చారు?

1985 సంవత్సరం చూడండి. ఉత్తమ నటి విజయశాంతి, 'ప్రతిఘటన'కు. రౌడీకి ఎదురు తిరిగిన లెక్చరర్ కథ. అదే ఏడాది 'మయూరి'కి 14 నందులు వచ్చాయి. ఒక్క సినిమాకు అన్ని నందులా అని అప్పట్లో అందరూ ఆశ్చర్యపోయారు. అందులో నటించిన సుధాచంద్రన్‌ది సొంత కథే. 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోయింది. జైపూర్ కాలు పెట్టించుకుని మళ్ళీ గజ్జె కట్టింది. ఆ కాలు అమర్చిన డాక్టరు సేథీగారే సినిమాలోనూ డాక్టరుగా కనబడతారు. సింగీతం శ్రీనివాసరావుగారు తీశారు. ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే తప్పకుండా చూపించవలసిన సినిమా ఇది.

1990లో 'కర్తవ్యం'. ఖాకీ బట్టల్లో విజయశాంతి. నందే కాకుండా జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా ఆ వేషానికే వచ్చింది. ఆ సినిమా వచ్చిన కొత్తల్లో మా వీధిలో ఆడపిల్లల్ని పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే పోలీసని చెప్పేవారు.

వీటన్నిటిలో మన ఇంటి సినిమా అని నేననుకునేది మాత్రం 'మిస్టర్ పెళ్ళాం'. 1993లో బాపు-రమణలు తీశారు. ఆ ఏడాదికి జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అదే. ఆమనికి ఉత్తమ నటి నంది వచ్చింది. కథ పెద్దదేం కాదు. బ్యాంకులో పనిచేసే భర్త ఉద్యోగానికి ఎసరొస్తుంది. భార్య ఉద్యోగానికి పోతుంది. ఆయన ఇంట్లో ఉంటాడు. ఇక చూడండి, పొయ్యి దగ్గరా, పిల్లల దగ్గరా ఆయన అవస్థ! నవ్వుతూ నవ్వుతూ ఉండగానే లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. ఆమె కొట్టదు, తిట్టదు, కత్తి పట్టదు, ఉపన్యాసం ఇవ్వదు. సంపాదించుకుని వచ్చి ఇంట్లో అడుగుపెడితే, అంతవరకు ఇల్లు నడిపిన చాకిరీ అంటే ఏమిటో ఆయనకు తెలిసొస్తుంది. ఇల్లాలి పనికి ఇంత మర్యాద చేసిన సినిమాలు ఎన్ని ఉన్నాయి? మావారితో కలిసి రెండుసార్లు చూశాను. రెండోసారి చూసిన మర్నాడు కాఫీ ఆయనే పెట్టారు. ఒక్కరోజేననుకోండి.

తరవాత 2000, 2001ల్లో లయకు వరసగా రెండేళ్ళు వచ్చాయి, 'మనోహరం'కు, 'ప్రేమించు'కు. 2003లో 'మిస్సమ్మ'కు భూమికకు వచ్చింది. 2006లో 'కమ్లి'కి నందితాదాస్‌కు వచ్చింది. ఇది హాళ్ళలో పెద్దగా ఆడలేదు గానీ, కన్నబిడ్డ కోసం తిరిగే లంబాడీ తల్లి కథ, దొరికితే చూడండి. 2011లో 'అలా మొదలైంది' తీసిన నందినీరెడ్డికి మొదటి సినిమా దర్శకురాలిగా నంది వచ్చింది. కెమెరా ముందు నిలబడే ఆడవాళ్ళకు ఉన్నన్ని నందులు కెమెరా వెనక నిలబడ్డవాళ్ళకు లేవు. వెనక నిలబడనిస్తే కదా!

మరి మన సీమ ఆడది?

ఇక్కడికి వచ్చేసరికి నాకు మనసు చివుక్కుమంది. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన దగ్గర్నుంచి సినిమావాళ్ళకు మన సీమ ఒక గనిలాగా దొరికింది. సుమోలు గాల్లోకి లేవాలి, కొడవళ్ళు లేవాలి, తొడ కొట్టాలి. 2001లో ఉత్తమ నటుడు బాలకృష్ణ, 'నరసింహనాయుడు'కు. 2002లో చిరంజీవి, 'ఇంద్ర'కు. వాళ్ళ నటనను నేనేమీ అనడం లేదు, ఆ సినిమాలు మేమూ టిక్కెట్టు కొనుక్కుని చూసినవాళ్ళమే. మా కొండారెడ్డి బురుజు 'ఒక్కడు'లో కనబడినప్పుడు కర్నూలు హాల్లో ఈలలు మోగిపోయాయి. గుణశేఖర్‌కు 2003లో ఉత్తమ దర్శకుడి నంది కూడా వచ్చింది. కానీ మన బసవన్నే మనల్ని కత్తులతో చూపించిన సినిమాల చంక ఎక్కి కూర్చున్నాడే అనిపిస్తుంది నాకు.

ఆ సినిమాల్లో మన ఆడవాళ్ళను గుర్తు చేసుకోండి. పెద్ద మేడ వరండాలో వరసగా నిలబడి ఉంటారు. శవం రాగానే ఏడుస్తారు. లేదంటే పగ తీర్చమని కొడుక్కి చెప్తారు. మళ్ళీ ఆఖరు రీలు దాకా కనబడరు. వాన లేక వేరుశనగ ఎండిపోతే మళ్ళీ విత్తనాలకు కమ్మలు కుదువపెట్టిన ఆమె ఎక్కడ? బోరు ఎండితే బిందెతో ఇంకో వీధికి పోయే ఆమె ఎక్కడ? మగవాళ్ళు పనికని బెంగుళూరు బస్సెక్కితే ముసలివాళ్ళనూ పిల్లలనూ పెట్టుకుని ఊళ్ళో సంసారం ఈదే ఆమె ఎక్కడ? గొడవలు అసలు జరగలేదని నేననను. జరిగాయి, ఇళ్ళు ఆరిపోయాయి. కానీ ఆ ఇళ్ళు ఆరిపోయాక పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించిందెవరో ఎవరూ చూపించలేదు.

ఇది ఉత్త సినిమా మాట కాదమ్మా. మా అమ్మాయి కోస్తా వైపు కాలేజీలో చేరినప్పుడు హాస్టల్లో మొదటిరోజే "కర్నూలా? మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని అడిగారట గదిలో పిల్లలు. అది నవ్వేసి, "మా ఇంట్లో ఉగ్గాని, బజ్జీ ఉంటాయి, సెలవులకు రండి, పెడతాను" అందిట. వచ్చారు, తిన్నారు, ఇప్పుడు మంచి స్నేహితులు. కానీ మా చెల్లెలి కూతురి సంబంధం విషయంలో అంత తేలికగా పోలేదు. అబ్బాయి తల్లి మామూలుగానే మాట్లాడుతూ మాట్లాడుతూ, "మీవైపు పిల్లనంటే మావాళ్ళు కొంచెం భయపడుతున్నారండీ" అంది. భయం దేనికని మా చెల్లెలు అడిగితే ఆమె చెప్పిన ఉదాహరణ ఒక సినిమా! మా మరిది చిన్న ఉద్యోగం చేసుకునే మనిషి, ఇంట్లో కత్తి అంటే కూరగాయలు కోసేదే. ఆ సంబంధం కుదరలేదు. పిల్ల ఇప్పుడు వేరేచోట సుఖంగానే ఉంది, అది వేరే మాట.

ఆ గుంపులో ఒక్క సినిమా మాత్రం వేరు. 1998లో కృష్ణవంశీ తీసిన 'అంతఃపురం'. మారిషస్‌లో సంసారం చేసుకుంటున్న పిల్ల భర్త వెంట, చిన్న కొడుకును ఎత్తుకుని సీమలో అత్తగారింటికి వస్తుంది. భర్త హత్యైపోతాడు. మామ మనవణ్ణి తన దారిలో పెంచాలంటాడు. తల్లి ఆ బిడ్డనెత్తుకుని ఆ కోటలోంచి బయటపడాలి. తల్లిగా సౌందర్య, మామగా ప్రకాష్‌రాజ్. సాయం చేసే దొంగ వేషం వేసిన జగపతిబాబుకు సహాయ నటుడి నంది వచ్చింది. నాకు మాత్రం గుర్తుండిపోయింది అత్తగారి వేషం వేసిన శారద. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి నోరు మూసుకుని అన్నం వడ్డించిన మనిషి, ఒక రాత్రి కోడలి పక్షాన నిలబడుతుంది. కత్తుల సినిమాలు ఎన్ని వచ్చినా, కత్తి పట్టినవాడి ఇంట్లో ఆడవాళ్ళ కళ్ళతో చూసింది అదొక్కటే అని నా అభిప్రాయం. మీకు ఇంకొకటి తెలిస్తే సంతోషమే.

మనవాళ్ళకూ దక్కింది

సీమ అంటే తొడలు కొట్టడమే అనుకునేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర రెండు పేర్లున్నాయి.

ఒకటి బి.ఎన్. రెడ్డిగారు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో 1908లో పుట్టిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. 1940లోనే వితంతు వివాహం మీద 'సుమంగళి' తీశాడు. ఆ తరవాతి ఏడాది 'దేవత', మోసపోయిన పనిపిల్ల కథ. 1951లో 'మల్లీశ్వరి' గురించి నేను చెప్పేదేముంది! ఎక్కడైనా కొడవలి ఉందా? గొంతెత్తి అరిచారా? కడప మనిషి తీసిన సినిమాలు ఇవి. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనకిచ్చారు. దక్షిణాదివాళ్ళలో మొదట అందుకున్నది ఆయనే. తమ్ముడు బి. నాగిరెడ్డిగారికి 1986కు వచ్చింది. 'మాయాబజార్', 'మిస్సమ్మ' తీసిన విజయా సంస్థ, మన పిల్లలకు 'చందమామ' ఆయన చలవే. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములకు ఫాల్కే! నంది పండుగలో ఇచ్చే జాతీయ అవార్డుల్లో బి.ఎన్. రెడ్డిగారి పేరున ఒకటి, నాగిరెడ్డి-చక్రపాణిగార్ల పేరున ఒకటి పెట్టారు.

రెండో పేరు మనకు ఇంకా దగ్గర. శాంతకుమారిగారు. ప్రొద్దుటూరు మనిషి. 1920లో పుట్టినప్పుడు పేరు వెల్లాల సుబ్బమ్మ. సంగీతం నేర్చుకోవడానికి మద్రాసు పోయింది. సాంబమూర్తిగారి దగ్గర శిక్షణ, డి.కె. పట్టమ్మాళ్‌తో కలిసి. 1936లో 'శశిరేఖా పరిణయం'లో శశిరేఖ అయింది. దర్శకుడు పి. పుల్లయ్యగారిని పెళ్ళి చేసుకుంది. ఇప్పుడు చెప్పేది వినండి. 1939లో పుల్లయ్యగారు వేంకటేశ్వరస్వామి సినిమా తీస్తే అందులో పద్మావతి ఆమే. 1960లో అదే కథ మళ్ళీ ఎన్.టి. రామారావుతో తీస్తే వకుళమాత ఆమే! ఒకప్పుడు స్వామికి భార్య, ఇరవై ఏళ్ళకు స్వామికి తల్లి. వయసు దాచుకోవడానికి తిప్పలు పడే లోకంలో ఆమె దర్జాగా తల్లి వేషంలోకి నడిచి వెళ్ళింది. 'తల్లా పెళ్ళామా'లో ఆ పెద్దరికం చూశారు కదా. మెత్తగానే మాట్లాడుతుంది, ఇల్లంతా వింటుంది.

ఆమెకు రఘుపతి వెంకయ్య అవార్డు 1999 సంవత్సరానికి వచ్చింది. అంటే డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో. ఇదే ఏడాది 'సమరసింహారెడ్డి' వచ్చింది! ఊరూరా సుమోల సినిమా గురించే మాట్లాడుకున్నారు గానీ, ప్రొద్దుటూరు సుబ్బమ్మకు ప్రభుత్వం పెద్ద గౌరవం చేసిందని మనలో ఎందరు చెప్పుకున్నాం? ఆమె 2006లో పోయారు. ఈసారి మీ ఇంట్లో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' పెడితే వకుళమాతను చూపించి, ఈమె మన ప్రొద్దుటూరామె అని పిల్లలకు చెప్పండి. నేను చెప్పాను. మా అబ్బాయి నమ్మలేదు, ఫోనులో వెతికి చూసుకుని నమ్మాడు.

నంది ఆగిన చోట

2014లో రాష్ట్రం రెండయింది. అవార్డులూ అక్కడే తడబడ్డాయి. 2012, 2013 సంవత్సరాలవి 2017 మార్చిలో గానీ ప్రకటించలేదు. అదే ఏడాది నవంబరులో 2014, 15, 16 మూడేళ్ళవీ ఒకేసారి ప్రకటించారు. 'లెజెండ్', 'బాహుబలి', 'పెళ్ళిచూపులు' వరసగా ఉత్తమ చిత్రాలు. వాళ్ళకిచ్చారు, వీళ్ళకివ్వలేదని పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవలోకి మనం పోనవసరం లేదు. దాని తరవాత ఏళ్ళ తరబడి సినిమాలకు నంది మాటే వినబడలేదు. నాటకాల నంది మాత్రం 2023 డిసెంబరులో గుంటూరులో జరిగింది.

తెలంగాణా ప్రభుత్వం తనవరకు కొత్త పేరు పెట్టుకుంది, గద్దర్ అవార్డులని. 2024 సినిమాలకు 2025 జూన్ 14న హైదరాబాదు హైటెక్స్‌లో వేడుక చేశారు. మధ్యలో పోయిన ఏళ్ళకు కూడా, 2014 నుంచి 2023 దాకా, ఉత్తమ చిత్రాలను ఎంచి ఇచ్చారు. 2024కు ఉత్తమ చిత్రం 'కల్కి', ఉత్తమ నటుడు 'పుష్ప 2'కు అల్లు అర్జున్. పేపర్లలో ఫోటోలన్నీ వీళ్ళవే.

ఉత్తమ నటి ఎవరో గమనించారా? నివేదా థామస్, '35 చిన్న కథ కాదు'కు. ఉత్తమ బాలల చిత్రం కూడా అదే. తిరుపతిలో జరిగే కథ. అంటే మన సీమే! సరస్వతి అనే ఇల్లాలు. భర్త బస్సు కండక్టరు. పెద్ద కొడుకుకు లెక్కలు రావు, సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎట్లా అవుతుందని అడుగుతాడు. జవాబు చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. తల్లి తానే పదో తరగతి గట్టెక్కని మనిషి. కొడుకుకు చెప్పడం కోసం తాను మొదట నేర్చుకోవాలని పుస్తకం పట్టుకుంటుంది. 35 అంటే పాసు మార్కులు. సినిమా మొత్తం మీద ఒక్క సుమో గాల్లోకి లేవదు. సీమలో ఒక వంటింటి గడప, ఒక బలపం, ఒక తల్లి, ఇంతే. ఆ తల్లికి ఉత్తమ నటి అవార్డు వచ్చింది. దానిమీద బసవన్న బొమ్మ లేకపోతే పోయింది.

ఆ సినిమా మా ఇంట్లో టీవీలో పెట్టినప్పుడు పక్కింటి వదిన కూడా వచ్చి చూసింది. పదో తరగతిలో లెక్కల్లో తప్పి, పెళ్ళై వచ్చేసిన మనిషి. పెద్దవాడు డిగ్రీ, చిన్నది తొమ్మిది. సినిమా అయ్యాక ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. రెండురోజుల తరవాత గోడ దగ్గర నిలబడి, "ఓపెన్ స్కూల్లో పదోది రాయొచ్చంటనే, వయసు అడ్డం లేదంటనే, నిజమేనా?" అని అడిగింది. నిజమే వదినా, పద్నాలుగేళ్ళు నిండాలంతే, పైన ఎంత వయసైనా ఫరవాలేదు అన్నాను. మావారు మండలాఫీసు వైపు పోయినప్పుడు వివరాలు కనుక్కొచ్చారు. ఫారం నింపింది. సోషలు, తెలుగు తానే చదువుకుంటానంది. లెక్కలకు మాత్రం సాయంత్రం దీపం పెట్టాక మా ఇంటికి వస్తుంది. నేను ఇంటర్మీడియట్ దాకా చదివిన లెక్కలు కొన్ని మరచిపోయాను, కొన్ని గుర్తొస్తున్నాయి. ఇప్పుడు భిన్నాల దగ్గర ఉన్నాం.